సోమ, బుధ, శుక్ర: ఒక 800 మీటర్ల అమ్మాయి కేసు

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. ఈ కేసు 2024 జూలై నుంచి 2025 జనవరి దాకా నడిచింది. రాసుకుంటానంటే అమ్మాయీ, వాళ్ల నాన్నా ఇద్దరూ సరే అన్నారు. పేర్లు, ఊరు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. టైమింగులు మాత్రం నా రిజిస్టర్లో ఉన్నవే.

ఆ రిజిస్టర్‌తోనే మొదలుపెట్టాలి. ఆగస్టు రెండో వారంలో ఆమె పేరు పక్కన ఎర్ర పెన్నుతో నేను రాసిన మాట ఇంకా అలాగే ఉంది: "అశ్రద్ధ". దాన్ని కొట్టేయలేదు, వైట్‌నర్ పెట్టలేదు. కొత్తగా వచ్చే జూనియర్ పీడీలకి చూపిస్తుంటాను.

అప్పటికి ఆమె రెండో ఏడాది బీఎస్సీ. మొదటి ఏడాదిలోనే 800 మీటర్లు 2 నిమిషాల 21 సెకన్లలో పరిగెత్తింది. మొదటి ల్యాప్ 68, రెండోది 73. సింథటిక్ ట్రాక్ కాదు, సున్నం గీసిన మట్టి గ్రౌండ్ మీద. దేశం లెక్కలో అది పెద్ద టైమింగ్ కాదు గానీ మా యూనివర్సిటీ ఇంటర్ కాలేజియేట్‌లో పతకం తెచ్చే టైమింగే. ఇంకో అయిదారు సెకన్లు తగ్గితే ఇంటర్ యూనివర్సిటీకి పంపించొచ్చని నా ఆశ. అందుకే వేసవి సెలవుల తర్వాత వారానికి 38 కిలోమీటర్ల దాకా పెంచాను. సోమవారం, బుధవారం గట్టి రిపిటీషన్లు, శనివారం టైమ్ ట్రయల్.

జూలై చివరికి 2:26. ఆగస్టులో 2:31. ఆ 2:31 ఎలా వచ్చిందో చూడండి: మొదటి ల్యాప్ 67, రెండోది 84. అంటే ఎప్పటికంటే వేగంగా బయల్దేరి, రెండో ల్యాప్‌లో ఎవరో కాళ్లు కట్టేసినట్టు ఆగిపోయింది. "ఏమ్మా, నిద్రపోతున్నావా?" అన్నాను. తల వంచుకుని "సారీ సార్" అంది. రెండు బుధవారాలు ఆలస్యంగా వచ్చింది. ఒక సోమవారం అసలు రాలేదు. శిక్ష కింద అదనంగా రెండు 400లు వేయించాను. మోకాలి కింద ఎముక నొప్పి అంటే, కిట్‌లోంచి డైక్లోఫెనాక్ మాత్ర తీసి ఇచ్చాను. ఈ మాత్ర సంగతి మళ్లీ వస్తుంది.

విషయం నాకు ఆమె చెప్పలేదు. సెప్టెంబరు మొదట్లో నేను మా బంధువు ఒకాయన్ని చూడ్డానికి ఒక డయాలసిస్ సెంటర్‌కి వెళ్లాను. బుధవారం, ఉదయం తొమ్మిది కావస్తోంది. వరండాలో బెంచీ మీద కాలేజీ బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని ఈ పిల్ల కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. లోపల మూడో మంచం మీద వాళ్ల నాన్న.

ఉద్దానం గురించి మన దగ్గర ఎవరికీ చెప్పక్కర్లేదు, బయటివాళ్ల కోసం రెండు ముక్కలు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలు. కొబ్బరి, జీడి తోటల సీమ. షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా ఇక్కడ కిడ్నీలు పాడవుతాయి. నీళ్లని, నేలలో సిలికా అని, ఎండలో నీళ్లు తాగకుండా చేసే పని అని ఎన్నో పరిశోధనలు జరిగాయి, ఇదీ కారణమని మాత్రం తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆస్పత్రి వచ్చాయి. ఇక్కడ కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష గురించి "క్రియాటినిన్ ఎంత?" అన్న ప్రశ్న వేరే ఊళ్లలో "వాన పడిందా?" అన్నంత మామూలు. అంత మామూలు కాబట్టే నాకు తట్టలేదేమో. ఈ ప్రాంతంలో ఇన్నేళ్లు పనిచేసి, ఒక పిల్ల టైమింగ్ పడిపోతే ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడగకపోవడం నా తప్పే.

ఇంటి లెక్క ఇదీ. రెండెకరాల కొబ్బరి తోట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానుకి సగానికి పైగా చెట్లు పడిపోయాయి. మళ్లీ నాటినవి అప్పుడప్పుడే కాపుకొస్తున్నాయి. అమ్మ జీడి కార్ఖానాలో పప్పు ఒలుస్తుంది, వెళ్లని రోజు కూలి లేదు. తమ్ముడు ఇంటర్. నాన్నకి మూడేళ్లుగా మందులు నడుస్తున్నాయి, 2024 జూలైలో డయాలసిస్ తప్పలేదు. వారానికి మూడుసార్లు, మనిషి మెషీన్ మీద నాలుగేసి గంటలు. సోమ, బుధ, శుక్ర, ఉదయం షిఫ్టు. అమ్మ పనికి పోవాలి, తమ్ముడు చిన్నోడు, కాబట్టి తోడు వెళ్లేది ఈమె. నాలుగింటికి లేచి, అయిదున్నరకి ఆటో, ఏడింటికి మెషీన్, పదకొండింటికి దించుతారు. సూదులు తీసిన చోట రక్తం ఆగేదాకా ఇంకో అరగంట. ఇల్లు చేరేసరికి ఒంటిగంటన్నర. అన్నం తిని, తినకా, బస్సెక్కి నాలుగున్నరకి గ్రౌండ్‌కి.

ఆ రాత్రి ఇంటికొచ్చి రిజిస్టర్ తీశాను. ఆగస్టులో ఆమెవి చెడ్డ టైమింగులు పదకొండు. పదకొండులో తొమ్మిది సోమ, బుధ, శుక్రవారాలవే. మంగళవారం ఈజీ రన్ పక్కన నేనే రాసుకున్నాను, "బాగుంది" అని. కావాల్సిందంతా కాగితం మీదే ఉంది. చదవాల్సిన నేనే చదవలేదు.

మర్నాడు స్టాఫ్‌రూంలో మాట కదిలింది. రెండు రకాల సలహాలు వచ్చాయి, రెండూ నాకు నచ్చలేదు.

మొదటిది, "పాపం, ఆటలు మాన్పించేయండి సార్, చదువన్నా దక్కుతుంది" అని. ప్రేమతో అన్నదే. కానీ ఆ అమ్మాయిని అడిగితే ఆమె చెప్పింది వేరు. "గ్రౌండ్లో ఉన్న గంటే సార్ నాకు ఇల్లు గుర్తుకురానిది." ఉన్న ఆ ఒక్క గంటనీ జాలిపడి లాగేసుకుంటామా?

రెండోది కోహ్లీ కథ. 2006 డిసెంబరులో కర్ణాటకతో రంజీ మ్యాచ్ మధ్యలో తండ్రి పోతే, పొద్దున్నే వచ్చి బ్యాటింగ్ చేసి 90 కొట్టి, అప్పుడు దహనానికి వెళ్లాడు. నిజమే, గొప్పే. మా లెక్చరర్ ఒకాయన ఈ కథ ఆమెకే నేరుగా చెప్పేశారు కూడా. ఆమె నాతో ఏమందంటే, "ఆయనకి ఆ ఒక్క మ్యాచ్ సార్. నాకు ఎల్లుండి మళ్లీ ఉంది." నేనైతే అశ్విన్ సంగతి చెబుతాను. 2024 ఫిబ్రవరిలో రాజ్‌కోట్ టెస్టులో 500వ వికెట్ తీసిన రోజు రాత్రే, అమ్మకి బాగాలేదని మ్యాచ్ వదిలి చెన్నై వెళ్లిపోయాడు. జట్టు వెళ్లమంది. ఒక బౌలర్ లేకుండానే ఆడారు. నాలుగో రోజు తిరిగొచ్చి బౌలింగ్ చేశాడు. ఈ కథ స్టాఫ్‌రూముల్లో ఎందుకో ఎవరూ చెప్పరు.

చావు ఇంటిని ఒక్కసారి కుదిపేస్తుంది. దీర్ఘరోగం అలా కాదు, అది ఇంటికో టైమ్‌టేబుల్ వేస్తుంది. దాని పక్కన మన టైమ్‌టేబుల్ పెట్టి చూడకుండా పట్టుదల గురించి ఎంత మాట్లాడినా లాభం లేదని నాకు ఈ కేసులో అర్థమైంది.

ఏం తింటోంది, ఏం మింగుతోంది

ముందు ఒంటి సంగతి చూశాం. హిమోగ్లోబిన్ 9.6. ఆడపిల్లకి 12 ఉండాలి. పరుగు పిల్లల్లో రక్తం తక్కువగా ఉండటం కొత్త కాదు, కానీ నిరుడు ఈమెకే 11.8 ఉంది. ఇంతలా ఎందుకు పడిపోయింది? ఏం తింటున్నావని అడిగితే "ఇంట్లో వండింది సార్" అంది. అక్కడ ఆగిపోయి ఉంటే నాకు తెలిసేది కాదు. ఏం వండుతున్నారని మళ్లీ అడిగాను.

అమ్మకి రెండు వంటలు చేసే టైం లేదు. నాన్నకి వండిందే అందరికీ. కూరగాయలు ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి వండుతారు, పొటాషియం తగ్గాలని. ఉప్పు నామమాత్రం. ఆకుకూర లేదు, అరటిపండు లేదు, పప్పు పల్చటి నీళ్లు. కొబ్బరి నీళ్లు అసలే కూడదు. తోటలో కాయ దింపుతూ ఆ పెద్దాయన ఒక గుక్క తాగడానికి లేదు. ఆయన తాగలేనిది మేం ఎలా తాగుతామని ఇంట్లో మిగతావాళ్లూ మానేశారట. అంటే వారానికి 38 కిలోమీటర్లు పరిగెత్తే పిల్ల ఒక కిడ్నీ పేషెంటు తిండి తింటోంది. దానికి తోడు, పప్పు మరీ తగ్గించాలన్నది డయాలసిస్ మొదలవకముందు చెప్పిన మాట. మొదలయ్యాక మాంసకృత్తులు కాస్త పెంచాలని అక్కడి డాక్టర్ చెప్పినా, ఇంట్లో పాత చీటీయే నడుస్తోంది.

గ్రౌండ్ దగ్గర రెండు ఉడికించిన గుడ్లు, ఒక అరటిపండు, ఒక పల్లీ చిక్కీ ఏర్పాటు చేశాం. ఒక్క ఆమెకే పెడితే తినదు, అందుకని అమ్మాయిల జట్టు మొత్తానికీ పెట్టాం. తొమ్మిది మందికి. డబ్బులు స్టాఫ్ మేమే వేసుకున్నాం, కోహ్లీ కథ చెప్పినాయన అందరికంటే ఎక్కువ వేశారు. ఐరన్ మాత్రలు పీహెచ్‌సీలో ఇచ్చారు. టీతో వేసుకోవద్దు, నిమ్మరసంతో వేసుకో అని చెప్పి పంపారు. డిసెంబరు మొదట్లో మళ్లీ చూపిస్తే 11.3.

ఇక ఆ మాత్ర. డయాలసిస్ సెంటర్లో డాక్టర్‌తో మాటల్లో, నొప్పికి డైక్లోఫెనాక్ ఇచ్చానని మామూలుగా అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టేశారు. "మాస్టారూ, ఈ ప్రాంతంలో, ఈ ఇంటి పిల్లకి, ఎండలో పరిగెత్తించి, పెయిన్ కిల్లరా?" అన్నారు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ మందులు కిడ్నీలకి రక్తం అందకుండా చేస్తాయి. ఇంట్లో ఈ జబ్బున్న పిల్లలు అసలే జాగ్రత్తగా ఉండాలి. ఆ రోజే నా కిట్‌లోంచి ఆ మాత్రలన్నీ తీసేశాను. ఇప్పుడు కిట్‌లో ఐస్ ప్యాక్, క్రేప్ బ్యాండేజ్, ఓఆర్ఎస్ ఉంటాయి. నొప్పంటే ఆ రోజు పరుగు లేదు, అంతే.

పిల్లలిద్దరికీ కూడా టెస్టులు చేయించమన్నారాయన. అక్కడ ఇంకో గొడవ జరిగింది. బుధవారం ఎలాగూ సెంటర్‌కి వెళ్తుంది కదా అని అప్పుడే శాంపిల్ ఇచ్చింది. క్రియాటినిన్ 0.8, బాగానే ఉంది. యూరిన్‌లో ప్రొటీన్ మాత్రం ఒన్ ప్లస్. ఆ కాగితం చూసి ఆ ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు. యూరిన్‌లో ప్రొటీన్ అంటే కిడ్నీలు పాడవుతున్నాయన్న గుర్తని ఉద్దానంలో చిన్నపిల్లలకీ తెలుసు.

డాక్టర్ రిపోర్టు చూసి ఒకే ప్రశ్న అడిగారు. "శాంపిల్ ఇచ్చే ముందు రోజు పరిగెత్తావా?" పరిగెత్తింది. మంగళవారం సాయంత్రం ఆరు 300లు. గట్టి వ్యాయామం తర్వాత ఒకటి రెండు రోజులు ఎవరికైనా యూరిన్‌లో ప్రొటీన్ కనిపించొచ్చు, దానంతట అదే పోతుంది. నాలుగు రోజులు అడుగు పరుగు లేకుండా ఉంచి మళ్లీ చేయించాం. నిల్. ఈ ముక్క తెలియక, ఇలాంటి రిపోర్టు పట్టుకుని ఆట వదిలేసినవాళ్లు ఎంతమంది ఉన్నారో అనిపించింది. నా పిల్లలందరికీ ఇప్పుడు టెస్టుకి ముందు కనీసం రెండు రోజులు రెస్ట్.

కొత్త వారం

ప్లాన్ పెద్ద శాస్త్రమేం కాదు. గట్టి వర్కౌట్లు రెండే, మంగళవారం, శనివారం. గురువారం నలభై నిమిషాల ఈజీ. బుధ, శుక్రవారాల్లో ఏమీ లేదు. సోమవారం పూర్తి విశ్రాంతి. ఆదివారం తర్వాత మళ్లీ విశ్రాంతి ఏమిటని జట్టులో ఒకమ్మాయి అడిగింది. శుక్రవారం నుంచి సోమవారం దాకా డయాలసిస్‌కి రెండు రోజుల గ్యాప్ వస్తుంది. ఒంట్లో నీరు చేరి ఆదివారం రాత్రి ఆయనకి ఆయాసం. దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెడతారు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. 38 కిలోమీటర్లు 22కి దిగింది.

పొద్దున్నే నాకు వాట్సాప్‌లో ఒక్క అంకె పంపాలి, రాత్రి ఎన్ని గంటలు పడుకుందో. అయిదుకి తక్కువైతే ఆ రోజు గట్టి వర్కౌట్ రద్దు. మొదటి పది రోజులూ "7", "7", "7" అని వచ్చింది. ఒకరోజు లాస్ట్ సీన్ చూస్తే రాత్రి 2:10. పిలిచి అడిగితే, "తక్కువ పెడితే టీమ్‌లోంచి తీసేస్తారేమో అని" అంది. ఎర్ర పెన్ను మాట తను ఎప్పుడో చూసిందట. ఏం చెప్పాలో తెలియక రిజిస్టర్ తీసి, ఆ మాట కింద ఆమె ముందే నా సంతకం పెట్టి, "ఇది నా తప్పు" అని రాశాను. మర్నాడు "4" వచ్చింది.

అయినా ఎన్ని కిలోమీటర్లు తగ్గించినా అసలు బరువు వారానికి మూడు ఉదయాలు. అది తగ్గాలంటే ఇంటికి వెళ్లక తప్పదు. ఒక ఆదివారం వెళ్లాను. అమ్మ, నాన్న, తమ్ముడు, వాళ్ల చిన్నాన్న. నా బుర్రలో లెక్క సిద్ధంగా ఉంది: ఒకరోజు చిన్నాన్న, ఒకరోజు తమ్ముడు, ఒకరోజు ఈమె. అదంతా చెబుతూ ఉంటే ఆ పెద్దాయన, అంతసేపూ గోడకి చేరబడి ఊరుకున్నవాడు, నోరు విప్పాడు.

"నానేటి పసిపిల్లోణ్ణా మాస్టారూ? ఆటోలో కూకోడానికి ఇంకో మడిసి కావాలా? మా ఊరి నించి, పక్కూరి నించి నలుగురం ఎల్తన్నాం. ఒకే ఆటో మాటాడుకుంటాం. ఒకలికి బాగోకపోతే ఇంకొకలు సూస్తారు."

ఇన్ని రోజులూ ఆయన్ని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. రోగి అంటే మోసుకెళ్లాల్సిన బరువనే అందరం లెక్కేసుకున్నాం. ఆయనకి నెలకి వస్తున్న పదివేల డయాలసిస్ పింఛనులోంచి ఆటో వాటా తనే ఇస్తానన్నాడు. చివరికి కుదిరింది ఏమిటంటే, ఆదివారం రాత్రి ఆయాసంతోనే వెళ్తాడు కాబట్టి సోమవారం చిన్నాన్న తోడు, శుక్రవారం నలుగురి ఆటో, బుధవారం ఈమె. బుధవారం కూడా అక్కర్లేదని ఆయన అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "ఒక రోజైనా నేను చూడాలి" అంది.

ఏం చూస్తుందో తర్వాత తెలిసింది. ఆమెకొక నోటుబుక్కు ఉంది. కుడివైపు పేజీలో తన ల్యాప్ టైమింగులు. ఎడమవైపు నాన్న బరువు, మెషీన్ ఎక్కకముందు, దిగాక. 58.4, 55.6. 57.9, 55.5. రెండున్నర కిలోలు దాటి తేడా వస్తే కింద గీత. అంటే ఆ రెండు రోజుల్లో నీళ్లు ఎక్కువ తాగాడు. తన టైమింగ్ చెడితే గీత ఉండదు, నాన్న బరువు పెరిగితేనే.

కాలేజీ వైపు పని తేలిగ్గానే అయింది. 75 శాతం హాజరు ఉండాలి, ఆమెది 61కి వచ్చేసింది. గ్రౌండ్, మీట్ రోజులకి ఓడీ, అంటే హాజరైనట్టే లెక్క, ఇస్తారు గానీ డయాలసిస్‌కి తోడెళ్లిన రోజులకి ఏ కాలమూ లేదు. ప్రిన్సిపాల్‌గారు వాళ్ల నాన్న మెడికల్ రికార్డు జతచేసి, తగ్గిన హాజరు మన్నించే కండోనేషన్‌కి పెడదామన్నారు. దానికీ 65 దాటాలి, అందుకని అక్టోబరు నుంచి బుధవారం ఉదయాలు తప్ప ఒక్క క్లాసు పోకుండా చూసుకుంది. ల్యాబులు మధ్యాహ్నానికి మార్చుకుంది. ఒక పేపరు మాత్రం తప్పింది, తర్వాత రాసుకుంది.

మనసు బాగాలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కూడా రాసిచ్చాను. ఆమె చేయలేదు. చేసింది తమ్ముడట, ఒకటికి రెండుసార్లు. వాడి గురించి ఎవరం పట్టించుకోలేదు. అది ఈ కేసులో నాకు మిగిలిన ఇంకో లోటు.

మావయ్య వచ్చిన రోజు

అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం వార్మప్ అయ్యాక నా దగ్గరికి వచ్చి నిలబడింది. స్పైక్స్ చేతిలో ఉన్నాయి, వేసుకోలేదు.

"సార్, ఒక కిడ్నీతో ఎనిమిది వందలు పరిగెత్తొచ్చా?"

వాళ్ల మావయ్య వచ్చాడట. అమ్మకి బీపీ, పనికిరాదన్నారు. తమ్ముడు మైనరు. "నువ్వు రోజూ పరిగెత్తే పిల్లవి, గట్టిగా ఉన్నావు, బ్లడ్ గ్రూపు కూడా ఒకటే" అన్నాడు. చెడ్డవాడేం కాదు, బావ బతకాలన్న ఆరాటం.

ఇలాంటి చోట కోచ్‌లం తొందరపడి ఏదో ఒకటి అనేస్తాం. "వద్దమ్మా, నీ కెరీర్" అనాలనే నాకూ నాలుక చివరిదాకా వచ్చింది. అది నా స్వార్థం కలిసిన మాట. పరిగెత్తొచ్చో లేదో డాక్టర్ చెబుతారు, ఇవ్వాలో వద్దో నువ్వు చెప్పాలి, నేను ఆస్పత్రికి తోడొస్తాను అని మాత్రం అన్నాను. చట్టం ప్రకారం కూతురు దగ్గరి బంధువే, 18 నిండితే ఇష్టపూర్వకంగా ఇవ్వొచ్చు. అయితే ఆ ఇష్టం తనదేనా, ఇంటివాళ్లదా అని తేల్చుకోవాల్సింది డాక్టర్లు. నెఫ్రాలజిస్ట్ మా అందర్నీ బయటికి పంపి ఆమెతో ఒంటరిగా మాట్లాడారు. తర్వాత మమ్మల్ని పిలిచి, కారణం తెలియని జబ్బున్న ఇంట్లో, ఇరవై ఏళ్లు నిండని పిల్ల దగ్గర కిడ్నీ తీసుకోవడానికి తాను ముందుకు రాలేనని, ముందు ముందు ఆ పిల్లకే అవసరం పడొచ్చని చెప్పారు. పెద్దాయన అప్పటికే లేచి నిలబడ్డాడు, "నాకొద్దు" అని. చనిపోయినవాళ్ల అవయవాలు అవసరమైనవాళ్లకి అందించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించారు. లోపల ఆమె ఏం చెప్పిందో డాక్టర్ చెప్పలేదు, నేను అడగలేదు.

మీట్

డిసెంబరులో ఇంటర్ కాలేజియేట్. అప్పటికి ట్రయల్స్‌లో 2:24కి వచ్చింది. 22 కిలోమీటర్ల వారంతో. బయల్దేరే ముందు ఒక కాగితం రాసుకున్నాం. ఏం జరిగితే రేసు వదిలి ఇంటికెళ్లాలి, ఏం జరిగితే చిన్నాన్న చూసుకుంటాడు. ఆయాసం, ఛాతీ నొప్పి, ఆగని రక్తం, స్పృహ తప్పడం, వీటిలో ఏది జరిగినా వెంటనే కారు. మిగతావన్నీ చిన్నాన్న. కారు నాదే. కాగితం ఒకటి ఆమె దగ్గర, ఒకటి ఇంట్లో గోడకి.

రేసు గురువారం పదిన్నరకి. బుధవారం రాత్రి పదింటికి తమ్ముడి ఫోన్. "అక్కా, నాన్న చెయ్యి జివ్వుమనట్లేదు."

డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేస్తారు. దాని మీద వేలు పెడితే లోపల తేనెటీగ ఉన్నట్టు జివ్వుమంటుంది. రోజూ పడుకునే ముందు ఆమె వేలు పెట్టి చూస్తుంది. ఆ రాత్రి తను లేదని తమ్ముడు చూశాడు. జివ్వుమనలేదంటే గడ్డ కట్టిందని అర్థం. మేం రాసుకున్న కాగితంలో ఈ ముక్క లేదు.

టెక్నీషియన్‌కి ఫోన్ చేశాం. ఇవాళే డయాలసిస్ అయింది కాబట్టి ఈ రాత్రికి ప్రాణభయం లేదు, కానీ ఆలస్యం చేయకుండా తెల్లారగట్లే వైజాగ్‌లో సర్జన్‌కి చూపించండి అన్నాడు. చిన్నాన్న బయల్దేరతానన్నాడు. నేను ఆమెతో, "ఇప్పుడే వెళ్దామంటే కారు తీస్తా. ఉంటానంటే ఉంటాం. ఏదైనా పర్వాలేదు" అన్నాను. చాలాసేపు ఆలోచించింది. "వాళ్లు అక్కడికి చేరి, డాక్టర్ చూసేసరికి మధ్యాహ్నం అవుద్ది సార్. పరిగెత్తి వెళ్తా."

71, 76. 2 నిమిషాల 27 సెకన్లు. నాలుగో స్థానం. పతకం లేదు, యూనివర్సిటీ జట్టులో చోటు లేదు. స్పైక్స్ విప్పి చెప్పులేసుకుని నేరుగా కారెక్కింది, నంబరు కాగితం ఛాతీ మీద అలాగే ఉంది. దారిలో దాన్ని తీసి నోటుబుక్కులో పెట్టుకుంది. ఫిస్టులా దక్కలేదు. కొన్ని వారాలు మెడ దగ్గర పెట్టిన గొట్టంతో డయాలసిస్ చేసి, తర్వాత రెండో చేతికి కొత్తది వేశారు.

ఆ ఫలితం చూసి "ఆ రాత్రే పంపేయాల్సింది" అన్నవాళ్లున్నారు. "కొంచెం గట్టిగా మోటివేట్ చేసుంటే మూడో స్థానం వచ్చేది" అన్నవాళ్లూ ఉన్నారు. 71, 76 చూడండి. ఆగస్టులో 67, 84 పరిగెత్తిన పిల్ల ఆ రాత్రి మూడు గంటలు పడుకుని కూడా రెండు ల్యాపులూ అదుపులో పరిగెత్తింది. పతకాల జాబితాలో అది కనిపించదు, నా రిజిస్టర్లో కనిపిస్తుంది.

జనవరిలో ఒక శనివారం ట్రయల్‌లో 2:22 వచ్చింది. ఇంకా ఒక సెకను బాకీ. ఎముక నొప్పి మళ్లీ రాలేదు. నాన్నకి ఇప్పటికీ సోమ, బుధ, శుక్ర. జీవన్‌దాన్ నుంచి పిలుపు రాలేదు.

2025 జూన్‌లో స్పోర్ట్స్ అడ్మిషన్ ఫారంలో కింద ఒక వరస చేర్చాను: "ఇంట్లో ఎవరికైనా ఎప్పటినుంచైనా వైద్యం నడుస్తోందా? వారంలో ఏయే రోజులు? తోడెళ్లేది ఎవరు?" ముప్పై నాలుగు మంది నింపారు. ఏడుగురు ఉందని రాశారు. తోడెళ్లేది ఎవరన్న చోట అయిదుగురు తమ పేరే రాసుకున్నారు. ముగ్గురికి సోమ, బుధ, శుక్ర. ఇద్దరికి మంగళ, గురు, శని. ఈ ఇద్దరికీ శనివారం ట్రయల్ తీసేసి ఆదివారం పొద్దున్న పెట్టాను.